సరిహద్దు జిల్లాల్లో పాత కారు కొనేవాళ్ళకి: తరచుగా అడిగే ప్రశ్నలు

నేను ఆంధ్రా సరిహద్దున ఒడిశాలోని రాయగడలో ఉంటాను. ఇంట్లో తెలుగు, బజార్లో ఒడియా, ఆఫీసు కాయితాల్లో ఇంగ్లీషు, మనవాళ్ళందరి సంగతీ ఇంతే కదా. గుణుపురం, పర్లాకిమిడి, బరంపురం, జయపురం నుంచి చుట్టాలూ స్నేహితులూ కారు కొనే ముందు ఫోన్ చేసి అడిగే ప్రశ్నలే ఇవి, ఒక్కొక్కరికీ విడివిడిగా చెప్పే బదులు ఒకచోట రాసిపెడుతున్నాను. ఎక్కువగా సెకండ్ హ్యాండ్ కార్ల గురించే ఉంటుంది, ఎందుకంటే మన దగ్గర మొదటి కారు చాలామందికి పాతదే, పైగా మోసపోయేది కూడా అక్కడే.

కారు చూడ్డానికి వెళ్తున్నాను. ముందు ఏం చూడాలి?

కారు కాదు, ఆర్సీ చూడండి. ఫోన్లోనే ఆర్సీ ఫొటో పంపమనండి, పంపడానికి నసిగితే అక్కడితో వదిలేయండి, ఆ బండికోసం వంద కిలోమీటర్లు వెళ్ళక్కర్లేదు. ఫొటో వచ్చాక ప్రభుత్వ ఎంపరివాహన్ యాప్‌లో నంబరు కొట్టండి. యజమాని పేరు సగం చుక్కలతో కనిపిస్తుంది కానీ మొదటి అక్షరాలు ఆర్సీతో సరిపోతున్నాయో లేదో తెలిసిపోతుంది. ఎన్నో యజమాని, రిజిస్ట్రేషన్ ఎప్పటిదాకా ఉంది, ఇన్సూరెన్స్ ఉందా, పొల్యూషన్ సర్టిఫికెట్ ఉందా, ఫైనాన్స్ తీరిందా, ఇవన్నీ అక్కడే ఉంటాయి. చలానాలు ఈ-చలాన్ సైట్లో విడిగా చూడాలి, ఆంధ్రాలో తిరిగిన ఒడిశా బండికీ ఒడిశాలో తిరిగిన ఆంధ్రా బండికీ పాత చలానాలు పేరుకుపోయి ఉంటాయి, చాలాసార్లు అమ్మేవాడికే తెలియదు.

బండి దగ్గరికి వెళ్ళాక చాసిస్ నంబరు ఆర్సీతో పోల్చండి. 17 అక్షరాలు, అంకెలు, ఒక్కొక్కటే వేలు పెట్టి చదవండి. కొట్టిన చోట గీకినట్టు గానీ కొత్తగా పెయింట్ వేసినట్టు గానీ ఉంటే అక్కడినుంచి వచ్చేయండి. బేరం కూడా ఆడొద్దు.

అన్నా, విశాఖలో ఏపీ నంబరు కారు మన దగ్గరికంటే నలభై వేలు తక్కువకి వస్తోంది. కొనొచ్చా?

అందరూ ఎక్కువగా అడిగేది ఇదే, జవాబు కొంచెం పెద్దది.

కొనొచ్చు. విశాఖ, విజయనగరం వైపు బళ్ళు ఎక్కువ, ఎంచుకోవడానికి ఉంటుంది, సర్వీసు రికార్డులు కూడా బాగా దొరుకుతాయి. కానీ ఆ నలభై వేలు మీకు మిగిలినట్టు ఇప్పుడే లెక్కేసుకోకండి. మోటారు వాహనాల చట్టం 47వ సెక్షన్ ప్రకారం ఒక రాష్ట్రంలో రిజిస్టరైన బండిని ఇంకో రాష్ట్రంలో 12 నెలలు దాటి ఉంచుకుంటే అక్కడి నంబరు తీసుకోవాలి. అంటే మీ ఏపీ 39 బండి రాయగడలో ఉండిపోతే అది ఓడీ 18 అవ్వాలి, పర్లాకిమిడిలో ఉంటే ఓడీ 20, కోరాపుట్ జిల్లా అయితే ఓడీ 10, గంజాం అయితే ఓడీ 07. అలా మార్చేటప్పుడు ఒడిశాకి లైఫ్ టాక్స్ కట్టాలి, బండి వయసును బట్టి తగ్గించి వేస్తారు. ఆంధ్రాలో మొదట కట్టిన టాక్స్‌లో మిగిలిన కాలానిది వెనక్కి అడగొచ్చు, కానీ అది ఇక్కడ నంబరు వచ్చాక ఆ కాయితాలన్నీ పెట్టి అడగాల్సిన పని, ఎవరికి తిరిగి వస్తుందన్నది కూడా ముందే మాట్లాడుకోవాలి.

కాబట్టి ధర అడిగినప్పుడే ఇలా లెక్క వేయండి: బండి ధర, దానికి తోడు ఒడిశా టాక్స్, ఎన్‌ఓసీ (బండిని వేరే రాష్ట్రానికి మార్చుకోవడానికి పాత ఆర్టీఓ ఇచ్చే అభ్యంతరం లేదన్న కాయితం) ఖర్చు, కొత్త హై సెక్యూరిటీ నంబరు ప్లేట్లు, రెండు మూడు సార్లు వెళ్ళి రావడానికి అయ్యే పెట్రోలు, పోయే సెలవులు. ఆర్టీఓ ఆఫీసులో ఆ మోడల్, ఆ సంవత్సరం చెప్పి టాక్స్ ఎంత పడుతుందో ముందే అడిగి రండి. నేను చూసినంతలో చిన్న కార్లకి తేడా దాదాపు అక్కడికక్కడే సరిపోతుంది, చాలా మంచి బండి దొరికితేనే అంత దూరం వెళ్ళడం దండగ కాదు.

ఎన్‌ఓసీ పది రోజుల్లో ఇస్తాం, ముందు బండి తీసుకెళ్ళండి అంటున్నారు. నమ్మొచ్చా?

వద్దు. ఇది నాకు జరిగింది కాబట్టి గట్టిగా చెబుతున్నాను.

2019లో విశాఖ వైపునుంచి ఒక డీజిల్ కారు కొన్నాను. అమ్మినాయన మంచిగా మాట్లాడాడు, టీ ఇప్పించాడు, డబ్బు మొత్తం తీసుకుని "పది రోజుల్లో ఎన్‌ఓసీ మీ ఇంటికి కొరియర్ చేస్తాను తమ్ముడూ" అన్నాడు. పది రోజులు నెల అయింది, నెల మూడు నెలలయింది. తీరా విషయం ఏంటంటే బండి ఆయన పేరు మీద లేనే లేదు, మొదటి యజమాని వేరే ఊళ్ళో ఉన్నాడు, లోను తీర్చేశాడు కానీ బ్యాంకు ఇచ్చిన కాయితం ఆర్టీఓలో ఇవ్వలేదు, దాంతో రికార్డులో ఫైనాన్స్ అలాగే ఉంది. రికార్డులో ఫైనాన్స్ ఉంటే బ్యాంకు ఒప్పుకోకుండా ఎన్‌ఓసీ రాదు. ఎనిమిది నెలలు పట్టింది, నాలుగుసార్లు విశాఖ వెళ్ళాను. ఆ ఎనిమిది నెలల్లో మా అమ్మని ఆసుపత్రికి తీసుకెళ్ళడానికి సరిహద్దులో కూనేరు దాటిన ప్రతిసారీ టెన్షనే, ఎవరైనా ఆపితే నా పేరు ఎక్కడా లేని బండిలో నేనున్నాను, గుద్దితే ఇన్సూరెన్స్ ఎవరిదో.

అందుకని నా మాట వినండి. ఎన్‌ఓసీ అంటే ఫారం 28. అది చేతికి వచ్చాకే మిగతా డబ్బు. ఫైనాన్స్ ఉన్న బండి అయితే ఫారం 35, దాంతోపాటు బ్యాంకు లెటర్, ఈ రెండూ ఆర్టీఓలో ఎక్కి ఆర్సీలో హైపోథికేషన్ (బండి బ్యాంకు తాకట్టులో ఉందన్న మాట) పోయిందాకా ఆగండి. పేరు మార్చడానికి ఫారం 29, ఫారం 30 మీద ఆర్సీలో ఉన్న అసలు యజమానే సంతకం చేయాలి, "మా బామ్మర్ది చేస్తాడు" కుదరదు. బండి దొంగది కాదని పోలీసు రికార్డుల రిపోర్టు కూడా ఎన్‌ఓసీ కోసం కావాలి, చాసిస్ నంబరు పెన్సిల్ ప్రింటు కూడా తీసి పెట్టుకోండి.

ఇంకొక చిన్న విషయం, చాలామంది దీన్ని వదిలేస్తారు. ఎన్‌ఓసీ ఏ ఆర్టీఓ పేరు మీద కావాలో దరఖాస్తులోనే రాయాలి. మా బావ గుణుపురంలో ఉంటాడు, అంటే రాయగడ జిల్లా, ఆయన తరఫున ఏజెంటు బరంపురం అని రాసేశాడు. మళ్ళీ మొదటికొచ్చింది.

పర్లాకిమిడి బండిని రాయగడకి తెచ్చుకుంటే కూడా ఇంత గొడవ ఉంటుందా?

లేదు. రెండూ ఒడిశాలోనే కాబట్టి కొత్త టాక్స్ లేదు, నంబరు అదే ఉంటుంది, పేరు, అడ్రసు మారితే చాలు. కొన్నవాళ్ళు 30 రోజుల్లోగా దరఖాస్తు పెట్టాలి.

నా ఆధార్ పార్వతీపురం అడ్రసుతో ఉంది, ఉద్యోగం రాయగడలో. బండి ఎక్కడ రిజిస్టర్ చేయించాలి?

చట్టం చెప్పేది బండి మామూలుగా ఎక్కడ ఉంటుంది, అక్కడ మీకు ఇల్లుందా వ్యాపారం ఉందా అన్నదే. బండి రాయగడలో నిద్రపోతే రాయగడలోనే చేయించండి. ఆంధ్రాలో లైఫ్ టాక్స్ ఎక్కువ కాబట్టి అటువైపువాళ్ళు కొందరు ఇక్కడి చుట్టాల అడ్రసు మీద ఒడిశా నంబరు తీసుకుని అక్కడే తిప్పుతుంటారు. అలా మీ అడ్రసు ఎవరికీ ఇవ్వకండి, పెదనాన్న అడిగినా సరే. అడ్రసు రుజువుగా ఏమేం ఒప్పుకుంటారో డబ్బు కట్టకముందే ఆర్టీఓ కౌంటర్లో అడగండి, ఇక్కడే ఉండేవాళ్ళయితే ఆధార్ అడ్రసు మార్చుకోవడమే అన్నిటికంటే తేలిక.

రైల్వే, నాల్కో, హెచ్‌ఏఎల్ లాంటి చోట పనిచేస్తూ బదిలీలు ఉండేవాళ్ళు కొత్త కారు కొంటుంటే 2021లో వచ్చిన బీహెచ్ సిరీస్ గురించి కూడా అడగండి. రాష్ట్రం మారిన ప్రతిసారీ నంబరు మార్చుకునే పని ఉండదు.

తుఫాను నీళ్ళలో మునిగిన బండి అని ఎలా తెలుస్తుంది?

మన ప్రాంతంలో దీన్ని తప్పకుండా చూడాలి. 2013 అక్టోబరులో ఫైలిన్ గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటింది, 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖ మీద పడింది, 2018 అక్టోబరులో తిత్లీ వచ్చినప్పుడు వంశధార, మహేంద్రతనయ పొంగి గజపతి, రాయగడ జిల్లాల్లో ఎంత నీళ్ళు వచ్చాయో మనం చూసిందే. ఆ బళ్ళు ఎక్కడికీ పోలేదు. కడిగి, ఆరబెట్టి, చేతులు మారి తిరుగుతూనే ఉన్నాయి. ఆ తర్వాత వచ్చిన వానలకి మునిగినవీ ఉన్నాయి.

డ్రైవరు సీటు బెల్టు పూర్తిగా, చివరి మూర దాకా బయటికి లాగండి. బండి కడిగేవాడు సీట్లు కడుగుతాడు, మ్యాట్లు కడుగుతాడు, లోపల చుట్టుకుని ఉన్న బెల్టు చివర ఎవడూ కడగడు. అక్కడ బురద చార కనిపిస్తే ఆ ఎత్తుదాకా నీళ్ళు వచ్చినట్టే. తర్వాత డిక్కీలో స్టెప్నీ తీసి దాని కింద గుంటలో చెయ్యి పెట్టండి, ఇసక, ఎండిన బురద, తుప్పు. సీటు కింద పట్టాల బోల్టులు చూడండి, కారు లోపల ఉండే ఇనుము మామూలుగా తుప్పు పట్టదు. కార్పెట్ ఒక మూల ఎత్తి కింద స్పాంజి వాసన చూడండి. కారు తలుపు తీయగానే ఘాటైన సెంటు వాసన కొడితే అది దేన్నో దాచడానికే అనుకోండి, అద్దాలన్నీ మూసి పది నిమిషాలు కూర్చుంటే ముక్కిన వాసన బయటికొస్తుంది.

ఆ తర్వాత కరెంటు పనులు. నాలుగు కిటికీలు, వైపర్లు, హారన్, ఏసీ, అన్ని లైట్లు ఒకదాని తర్వాత ఒకటి వేయండి. తాళం తిప్పగానే ఎయిర్‌బ్యాగ్ గుర్తు వెలిగి కొన్ని సెకన్లకి ఆరిపోవాలి. అసలు వెలగకపోతే ఇంకా ప్రమాదం, ఆ దీపాన్నే ఎవరో తీసేసి ఉంటారు.

హుద్‌హుద్ సంగతి వేరు, అక్కడ నీళ్ళకంటే గాలి చేసిన నష్టం ఎక్కువ, చెట్లు కార్ల మీద పడ్డాయి. కాబట్టి 2014కి ముందు విశాఖలో తిరిగిన బండి అయితే టాపు చూడండి. వెలుతురులో పక్కనుంచి వంగి చూస్తే రేకు మీద అలలు కనిపిస్తాయి, లోపల టాపు గుడ్డ మార్చిన గుర్తులు ఉంటాయి. సముద్రం దగ్గర ఉన్న ఇళ్ళ బళ్ళకి, గోపాల్‌పూర్ అయినా భీమిలి అయినా, ఉప్పుగాలికి అడుగున తుప్పు పడుతుంది, ఒకసారి షెడ్డులో ర్యాంపు ఎక్కించి కిందనుంచి చూపించుకోండి.

పెయింట్ మెరిసిపోతోంది, యాక్సిడెంట్ అయిందో లేదో ఎలా చెప్పాలి?

పైన పటారం లోన లొటారం అన్న సామెత టింకరింగ్ చేసిన బండికి అచ్చంగా సరిపోతుంది. ఫ్రిజ్ మీద అంటించే అయస్కాంతం ఒకటి జేబులో వేసుకెళ్ళండి, పల్చటి గుడ్డ చుట్టి తలుపులు, మడ్‌గార్డులు, టాపు మీద అక్కడక్కడా పెట్టండి. ఒకచోట పట్టి ఇంకోచోట జారిపోతే ఆ జారినచోట రేకు మీద పుట్టీ మందంగా ఉంది. బంపర్లు ప్లాస్టిక్కే, అక్కడ పట్టదు, కంగారుపడొద్దు.

బానెట్ ఎత్తి మడ్‌గార్డు బోల్టులు, బానెట్ బోల్టులు చూడండి, స్పానరు తగిలితే రంగు ఊడి ఉంటుంది. తలుపుల చుట్టూ ఉన్న రబ్బరు లాగి లోపల వెల్డింగ్ చుక్కలు చూడండి, కంపెనీవి వరసగా ఒకే దూరంలో ఉంటాయి, షెడ్డువి ఇష్టం వచ్చినట్టు ఉంటాయి. గీత పడి ఒక తలుపుకి రంగు వేయించడం పెద్ద తప్పు కాదు, మన సందుల్లో ఆవులూ ఆటోలూ ఉన్నంతకాలం అది మామూలే. కానీ ముందు వైపు ఇంజను పక్కనున్న రేకు (ఏప్రాన్), టాపుని మోసే పిల్లర్లు, చాసిస్ నిలువు పట్టీలు అతుకులు వేసి ఉంటే ఎంత తక్కువకి ఇచ్చినా వద్దు, మళ్ళీ గుద్దుకున్నప్పుడు లోపలున్నవాళ్ళని కాపాడాల్సింది అవే.

ఇంజను గురించి నాకు ఏమీ తెలియదు. ఏం చేయాలి?

తెల్లారగట్ల వెళ్ళండి, ముందుగా ఫోన్ చేసి "నేను వచ్చేదాకా స్టార్ట్ చేయొద్దు" అని చెప్పండి. వెళ్ళగానే బానెట్ మీద చెయ్యి పెట్టండి. వేడిగా ఉంటే మీ మాట లెక్కచేయలేదని తెలుస్తుంది, చల్లగా ఉన్నప్పుడు స్టార్ట్ అవదేమోనని అనుమానం కూడా పెట్టుకోండి.

చల్లటి ఇంజను ఒకటి రెండు తిప్పుల్లో అందుకోవాలి. ఒకరిని వెనక నిలబెట్టి సైలెన్సరు చూడమనండి. నీలం పొగ ఆగకుండా వస్తుంటే ఇంజనాయిల్ కాలుతోంది. చలికాలం పొద్దున్న కాసేపు తెల్లటి ఆవిరి మామూలే, సెమిలిగుడ, పొట్టంగి వైపు మరీ ఎక్కువ, కానీ ఇంజను వేడెక్కాక కూడా తెల్లగా చిక్కగా వస్తుంటే కూలెంట్ (ఇంజనుని చల్లబరిచే ద్రవం) లోపలికి పోతోంది. డీజిల్ బండి గట్టిగా తొక్కినప్పుడు ఒక్కసారి కొంచెం నల్ల పొగ వేరు, ఆగకుండా నల్లగా రావడం వేరు. ఆయిల్ కొలిచే పుల్ల తీసి చూడండి, పాలు కలిపిన టీ రంగులో ఉంటే ఆయిల్లో నీళ్ళు కలిశాయి. ఇంజను ఆడుతుండగా ఆయిల్ మూత తీస్తే గుప్పుగుప్పుమని పొగ తన్నుకొస్తే దాన్నే మెకానిక్‌లు బ్యాక్ కంప్రెషన్ అంటారు, ఇంజను పని దగ్గరపడినట్టు.

కూలెంట్ మూత మాత్రం చల్లగా ఉన్నప్పుడే తీయాలి, వేడి మీద తీస్తే మొహం కాలుతుంది. లోపల తుప్పు రంగు నీళ్ళుంటే ఇన్నాళ్ళూ కూలెంట్ బదులు కుళాయి నీళ్ళు పోశారు, ఘాట్ ఎక్కేటప్పుడు ఈ బండే వేడెక్కి ఆగిపోయేది.

వీటి తర్వాత కూడా మీ మెకానిక్‌ని తీసుకెళ్ళండి. అమ్మేవాడు చూపించిన మెకానిక్ వద్దు. ఆయన రోజు కూలి, భోజనం, దారి ఖర్చు మీరే పెట్టుకోండి. నా మొదటి బండికి ఆ డబ్బు మిగుల్చుకుందామని ఒక్కణ్ణే వెళ్ళాను.

టెస్ట్ డ్రైవ్ ఎంత దూరం చేయాలి?

ఊళ్ళో ఒక రౌండు కొట్టి తాళాలు ఇచ్చేస్తే లాభం లేదు, మన బండి కొండ ఎక్కాలి. సాలూరు వైపు చూసిన బండి అయితే అడిగి సుంకి ఘాట్ కొంత దూరం ఎక్కించండి, బరంపురం వైపు అయితే తప్తపాణి ఘాట్ ఉంది. అంత దూరం ఒప్పుకోకపోతే ఏదో ఒక ఎత్తు రోడ్డు, ఫ్లైఓవరు అయినా సరే. ఏసీ వేసి, నలుగురు కూర్చుని ఎక్కించండి. ఇంజను చప్పుడు పెరిగి వేగం పెరగకపోతే క్లచ్ ప్లేట్లు అయిపోయాయి, ఘాట్ల మీద హాఫ్ క్లచ్‌లో నడిపినవాళ్ళ బళ్ళన్నీ ఇలాగే ఉంటాయి. టెంపరేచర్ ముల్లు సగం దాటి పైకి పోతోందా చూస్తూ ఉండండి.

దిగేటప్పుడు బ్రేకు. తొక్కితే స్టీరింగు వణుకుతుందా, బండి ఒక పక్కకి లాగుతుందా, కాలిన వాసన వస్తుందా. రెండో గేరులో పెట్టి కాలు తీస్తే గేరు దానంతటదే జారి బయటికి రాకూడదు. తర్వాత గతుకుల రోడ్డు, దానికి వెతుక్కోవాల్సిన పని లేదు, అద్దాలు దించి రేడియో ఆపి నెమ్మదిగా పోనిస్తే బుష్‌లు, షాక్ అబ్జార్బర్లు టకటక కొట్టేది వినిపిస్తుంది. స్టీరింగు రెండు వైపులా చివరిదాకా తిప్పి మెల్లగా కదిలిస్తే ముందు చక్రాల దగ్గర కట్‌కట్‌మంటే యాక్సిల్ జాయింట్లు అరిగాయి.

టైర్ల పక్కన గుండ్రటి గడిలో నాలుగంకెలు ఉంటాయి, 2319 అంటే 2019లో 23వ వారం తయారైంది. అరుగుదల బాగున్నా ఆరేళ్ళు దాటిన టైరుతో ఘాట్ ఎక్కొద్దు. నాలుగు టైర్ల డబ్బు ధరలో తగ్గించమని అడగండి, స్టెప్నీ కూడా మర్చిపోవద్దు.

ఎనిమిదేళ్ళ బండి, 38 వేల కిలోమీటర్లే తిరిగిందట. నిజమేనా?

నిజం కావచ్చు, రిటైరైన మాస్టారి బండి అయితే. కానీ మీటరు వెనక్కి తిప్పడం చాలా తేలిక, కాబట్టి మీటరు మాట వినకండి. క్లచ్ పెడల్ రబ్బరు అరిగి నున్నగా ఉందా, స్టీరింగు తోలు మెరుస్తోందా, డ్రైవరు సీటు అంచు నలిగిపోయిందా? 38 వేలకి అలా అవదు. ఆ కంపెనీ సర్వీసు సెంటరులో బండి నంబరు చెబితే ఏ తేదీన ఎంత రీడింగు ఉందో రికార్డులో ఉంటుంది, యజమానినే ఫోన్ చేయించి అడిగించండి. పాత పొల్యూషన్ కాయితాలు, ఇన్సూరెన్స్ కాయితాల మీద కూడా అప్పటి రీడింగు ఒక్కోసారి దొరుకుతుంది.

బొలేరో లాంటి పెద్ద బండి చూస్తున్నాను. ప్రత్యేకంగా చూడాల్సింది ఏమైనా ఉందా?

ఉంది. మన జిల్లాల్లో ఈ బళ్ళు చాలా వరకు కాంట్రాక్టులో తిరిగినవే. దామంజోడి, కాశీపురం వైపు బాక్సైట్ గనుల దగ్గర రోజంతా కొండ ఎక్కి దిగిన బండికి, ఇంటి బండికి తేడా ఎర్రదుమ్ములో తెలుస్తుంది. ఏసీ ఫిల్టరు తీసి చూడండి, వెనక సీటు కింద, తలుపు మడతల్లో, స్పీకరు జాలీల్లో చూడండి, పైన ఎంత కడిగినా ఆ ఎరుపు మూలల్లోనుంచి పోదు. ఒకప్పుడు పసుపు బోర్డుతో తిరిగి తర్వాత తెల్ల బోర్డుకి మార్చినదేమో ఆర్సీ చరిత్రలో అడగండి. అలాంటిది కొనకూడదని కాదు, చాలా గట్టి బళ్ళు ఇవి, కానీ ఇంటి బండి ధర మాత్రం ఇవ్వకండి.

డీజిలా, పెట్రోలా?

రోజూ రాయగడ బజారు, స్కూలు, గుడి, నెలకోసారి విశాఖ. ఇంతే అయితే పెట్రోలు. 2020 ఏప్రిల్ తర్వాతి, అంటే బీఎస్6 కాలుష్య నిబంధనలకి తగ్గ డీజిల్ కార్లకి పొగలోని మసిని పట్టే ఫిల్టరు ఉంటుంది, అది శుభ్రపడాలంటే హైవే మీద కాసేపు ఒకే వేగంతో పరిగెత్తాలి, ఊళ్ళో రెండేసి కిలోమీటర్లు తిరిగితే మూసుకుపోతుంది. వారానికి రెండు మూడు సార్లు జయపురం, బరంపురం తిరిగే వ్యాపారమైతే డీజిల్ తీసుకోండి, కొండ మీద ఆ లాగుడు పెట్రోలుకి రాదు.

పాత పెట్రోలు కారుకి ఇప్పుడు బంకుల్లో పోసే ఇథనాల్ పెట్రోలు పడుతుందా?

ఇప్పుడు 20 శాతం ఇథనాల్ కలిపినదే పోస్తున్నారు. 2023 ఏప్రిల్ నుంచి వచ్చిన కార్లు దానికి తగ్గట్టు తయారయ్యాయి. అంతకంటే పాతవి నడుస్తాయి, మైలేజీ కొంత తగ్గుతుంది, పెట్రోలు పైపుల రబ్బరు, గాస్కెట్లు త్వరగా పాడవచ్చు. పాతది కొంటే పెట్రోలు పైపులు ఒకసారి మెకానిక్‌కి చూపించండి, చాలాకాలం కదలని బండి అయితే తప్పకుండా.

ఎయిర్‌బ్యాగులు లేని పాత కారు తీసుకోవచ్చా?

పిల్లలున్న ఇంటికి వద్దంటాను. 2019లో ఏబీఎస్ (గట్టిగా బ్రేకు తొక్కినా చక్రాలు బిగుసుకుపోకుండా చూసేది), డ్రైవరు ఎయిర్‌బ్యాగ్ తప్పనిసరి అయ్యాయి, కాబట్టి ఆ సంవత్సరం తర్వాతిది చూడండి. ఇంకో యాభై వేలు కూడబెట్టడానికి ఆరు నెలలు ఆగాల్సి వస్తే ఆగండి. ఘాట్ మలుపులో వానాకాలం బ్రేకు కొట్టినప్పుడు ఏబీఎస్ ఉన్నదానికీ లేనిదానికీ తేడా నేను చూశాను.

పద్నాలుగేళ్ళ కారు లక్షకి ఇస్తున్నారు...

రిజిస్ట్రేషన్ 15 ఏళ్ళే, తర్వాత ఫిట్‌నెస్ చూపించి అయిదేళ్ళకోసారి పొడిగించుకోవాలి, మొదటిసారి ఆ రెన్యువల్ ఫీజే 2022 ఏప్రిల్ నుంచి కారుకి 5,000 రూపాయలు. ఫిట్‌నెస్ కోసం చేయించే పనులు దానికి అదనం. డ్రైవింగు నేర్చుకోవడానికైతే సరే.

ఇదంతా వింటే భయమేస్తోంది బాబాయ్, కొత్తదే కొనేస్తే?

కొనగలిగితే కొను. 2025 సెప్టెంబరు 22 నుంచి చిన్న కార్ల మీద జీఎస్టీ 18 శాతానికి తగ్గింది, అంతకుముందు 28 శాతం, దానిమీద సెస్సు. దాంతో రెండు మూడేళ్ళ పాత కారుకి అమ్మేవాళ్ళు చెప్పే ధరలు కొన్ని ఇప్పుడు అర్థం లేనివి, వాళ్ళు కొన్నప్పటి ధర తలుచుకుని చెబుతారు. నువ్వు ఇవాళ్టి కొత్త ధర షోరూములో కనుక్కుని దాన్ని ముందు పెట్టి బేరం ఆడు. కొత్తది తీసుకుంటే డెలివరీకి ముందు పగటి వెలుతురులో చూడు, తయారైన నెల చాసిస్ ప్లేటు మీదో స్టిక్కరు మీదో చూడు, గోడౌన్లో ఏడాది పడి ఉన్న బండి వద్దు. ఇన్సూరెన్స్ షోరూములోనే తీసుకోవాలన్న రూలేం లేదు, ఆ ఒక్క మాట అంటే చాలు రేటు తగ్గుతుంది.

ఇన్సూరెన్స్ ఇంకా ఏడు నెలలు ఉంది కదా, వదిలేయొచ్చా?

వదలొద్దు. కొన్న 14 రోజుల్లోగా మీ పేరుకి మార్చమని దరఖాస్తు పెట్టండి, లేకపోతే బండికి దెబ్బ తగిలినప్పుడు మీకు డబ్బు రాదు. నో క్లెయిమ్ బోనస్ (క్లెయిమ్ చేయనందుకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు) మనిషిది, బండిది కాదు, కాబట్టి పేరు మార్చేటప్పుడు ఆ తేడా డబ్బు కట్టమంటారు. అది ఎక్కువ మొత్తమే అయినా కట్టేయండి.

నేను నా పాత కారు అమ్ముతున్నాను, నాకేమైనా జాగ్రత్తలున్నాయా?

ఆర్సీలో మీ పేరు ఉన్నంతకాలం బండి మీదే. ఎవరో నడిపి ఎవరినో గుద్దితే నష్టపరిహారానికి బాధ్యత రికార్డులో ఉన్న యజమానిదేనని 2018లో సుప్రీంకోర్టు చెప్పింది. ఖాళీ ఫారాల మీద సంతకాలు పెట్టి బ్రోకరు చేతిలో పెట్టకండి. అదే రాష్ట్రంలోనైతే 14 రోజుల్లో, బయటి రాష్ట్రానికైతే 45 రోజుల్లో అమ్మిన సంగతి ఆర్టీఓకి తెలియజేయాలి. కొన్నవాళ్ళ ఆధార్ కాపీ, బండి ఇచ్చిన తేదీ, గంట రాసిన కాయితం మీ దగ్గర ఉంచుకోండి.

అడ్వాన్స్ ఎంత ఇవ్వాలి? అగ్రిమెంటు ఏ భాషలో ఉంటే మంచిది?

అడ్వాన్స్ అయిదు వేలో పదివేలో, అది కూడా ఆర్సీలో ఉన్న మనిషి బ్యాంకు ఖాతాలోకే. నగదు ఇచ్చి రసీదు తర్వాత తీసుకుందాం అనుకోవద్దు.

అగ్రిమెంటు గురించి ఒక మాట. మన పెద్దవాళ్ళు ఒడియా గడగడా మాట్లాడతారు కానీ చాలామంది చదవలేరు, బరంపురం కోర్టు దగ్గర స్టాంపు పేపరు మీద ఒడియాలో టైపు చేసి ఇస్తే మొహమాటానికి సంతకం పెట్టేస్తారు. పెట్టొద్దు. మీ ఇంట్లో ఇక్కడ బడికెళ్ళిన పిల్లలుంటే గట్టిగా చదివించి వినండి, అన్నీ విన్నాకే సంతకం. "ఎన్‌ఓసీ బాధ్యత అమ్మినవారిది, ఫలానా తేదీలోగా ఇవ్వకపోతే డబ్బు వాపసు" అనే వాక్యం ఉండేలా చూడండి. "ఉన్నది ఉన్నట్టుగా కొంటున్నాను" అనే వాక్యం ఉంటే దాని పక్కన పాత చలానాలు, పాత కేసులు అమ్మినవారివే అని రాయించండి.

బండి తీసుకునే రోజు ఏమేం చూసుకోవాలి?

రెండో తాళం అడగండి, లేదంటే కొత్తది చేయించే ఖర్చు తగ్గించమనండి. జాకీ, వీల్ స్పానరు డిక్కీలో ఉన్నాయా చూడండి. ఒరిజినల్ ఆర్సీ, ఇన్సూరెన్స్, పొల్యూషన్, సర్వీసు పుస్తకం, ఎన్‌ఓసీ, సంతకాలు చేసిన ఫారాలు ఒక కవరులో పెట్టి కారులో కాకుండా మీ సంచిలో పెట్టుకోండి. ఫాస్టాగ్ పాతాయన ఖాతాదే ఉంటుంది, అది తీయించి మీదే కొత్తది వేయించుకోండి. మీటరు రీడింగు, నంబరు ప్లేటు కనిపించేలా ఫొటో తీసి అమ్మినాయనకి అక్కడే వాట్సాప్ చేయండి, మీ చేతికి ఏ గంటకి వచ్చిందో దాంతో తేలిపోతుంది. పగలుండగానే బయల్దేరండి, పరిచయం లేని బండితో మొదటిరోజే చీకట్లో ఘాట్ ఎక్కొద్దు.

ఇంటికొచ్చాక మర్నాడే ఆయిల్, ఫిల్టర్లు, కూలెంట్, బ్రేక్ ఆయిల్ మార్పించండి, పాతాయన నిన్ననే మార్పించానని చెప్పినా సరే.